పొద్దుటి పేరు, పొగచూరిన ఆకు

'ఎర్లీ మార్నింగ్ పైప్' అనే పైపు పొగాకు పేరు వినగానే నాకు ఒక రుచి ఖాయమైపోయింది. తేలిగ్గా ఉంటుంది, కొంచెం తియ్యగా ఉంటుంది, పొద్దున్నే టీ గ్లాసుతో పాటు కూర్చోవడానికి సరిపోతుంది. డబ్బా మూత తీసినప్పుడు వాటిలో ఒక్కటీ ఎదురుపడలేదు. పొగచూరిన వాసన గుప్పుమంది. పచ్చి తోలు, కాలిన కట్టె, ఏదో జిగురు కలిసిన ఘాటు. నల్లటి పోగులు, ముదురు గోధుమరంగు పోగులు, మధ్యమధ్య పసుపు పచ్చనివి. పేరుకూ డబ్బాలో ఉన్న ఆకుకూ ఏం సంబంధమో అప్పుడు నాకు అర్థం కాలేదు. అర్థమవడానికి ఆ చలికాలమంతా పట్టింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

అంతకుముందు నేను తాగిన పైపు పొగాకులన్నీ సువాసన కలిపినవే. సిగరెట్లు మానేశాక, రిటైర్మెంట్ దగ్గరపడిన రోజుల్లో పైపు పట్టాను. విశాఖ వెళ్లినప్పుడో, హైదరాబాదులో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడో కెప్టెన్ బ్లాక్ లాంటిది ఒక పౌచ్ తెచ్చుకుంటే చాలా కాలం వచ్చేది. వెనిల్లా, చెర్రీ, చాక్లెట్ అని రకరకాలు. ప్యాకెట్ విప్పితే ఇల్లంతా కమ్మటి వాసన. కానీ ముట్టించాక ఆ కమ్మదనం పక్కన కూర్చున్నవాళ్లకే ఎక్కువ అందుతుంది. తాగేవాడి నాలుక మీదికి వచ్చేది వేడి ఆవిరి, చప్పటి తీపి. కొన్నాళ్లకు నాకు ఆకు రుచి కావాలనిపించింది. పైన పోసిన ఎసెన్సు కాదు, అసలు ఆకు.

మా పిన్ని కొడుకు మర్చంట్ నేవీలో పనిచేస్తాడు. సోంపేట, కవిటి, కంచిలి వైపు చాలా ఇళ్లలో ఓడ ఉద్యోగానికి వెళ్లినవాళ్లు ఉంటారు. వాళ్లు సెలవు మీద దిగినప్పుడు ఊళ్లో కాస్త సందడి. వాడు ఫోన్ చేసి, "అన్నియ్యా, ఈసారి హాంబర్గ్‌లో దిగుతాం, నీకేటి కావాలో చెప్పు" అన్నాడు. నేను ఈ పేరు చెప్పాను. బయటి దేశం నుంచి వచ్చేవాళ్లు సుంకం లేకుండా తెచ్చుకోగలిగే పొగాకు 125 గ్రాములు. యాభై గ్రాముల గుండ్రటి డబ్బాలు రెండు అందులో ఇమిడిపోతాయి. వాడు సంచీలోంచి వాటిని తీసి నా చేతిలో పెట్టినప్పుడు పండగలా అనిపించింది.

ఈ పొగాకుకు ఒక చరిత్ర ఉంది. లండన్‌లోని డ్యూక్ స్ట్రీట్‌లో ఆల్ఫ్రెడ్ డన్‌హిల్ 1907లో పొగాకు దుకాణం తెరిచాడు. వచ్చినవాళ్లకు కావలసినట్టు ఆకులు కలిపి ఇచ్చేవారు. డన్‌హిల్ పేరుతో దశాబ్దాలపాటు అమ్ముడైన మిశ్రమాల్లో ఇదొకటి. ఈమధ్య డన్‌హిల్ పేరు పైపు పొగాకు డబ్బాల మీద నుంచి పోయింది. ఇప్పుడు ఇవే మిశ్రమాలు ఐర్లండ్ పైపుల కంపెనీ పీటర్సన్ పేరుతో వస్తున్నాయి. తయారయ్యేది మాత్రం డెన్మార్క్‌లో. ఇదే వరుసలో 'నైట్‌క్యాప్' అని ఇంకొకటి ఉంది. ఇది పొద్దున్నే, అది పడుకోబోయే ముందు. పేర్లు అలా జతగా వినిపిస్తే ఎవరికైనా ఒకటి తియ్యగా, ఇంకొకటి చేదుగా ఉంటుందనే తోస్తుంది.

మొదటిరోజు ముట్టించనే లేదు. డబ్బా అరుగు మీద పెట్టి వాసన చూస్తూ కూర్చున్నాను. మా పెద్దమ్మ లోపలి నుంచి వచ్చింది. ఎనభై దాటిన మనిషి. డబ్బా తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏటిరా ఇది? మా కన్నోరింట్లో పొయ్యి మీద ఏలాడగట్టిన ఇత్తనాల మూట వాసనొస్తంది. ఇది పొద్దున్నే తాగీదా?"

"పేరు అలాగే పెట్టారే పెద్దమ్మా."

"పేరుకేటి, ఎవులికి నచ్చింది ఆలు ఎడతారు. ఆకుని పొగలో ఎండగట్టినారు, అంతే."

ఆవిడ ఒక్క వాసనతో చెప్పిన మాట అక్షరాలా నిజం. నేను తరవాత చదివి తెలుసుకున్నది ఆవిడ ముందే చెప్పేసింది. మా వైపు పాత ఇళ్లలో వంటింటి పొయ్యికి పైన చోళ్ల కంకులు, మొక్కజొన్న పొత్తులు విత్తనానికి కట్టి ఉంచేవారు. పొగ పట్టి నల్లబడేవి, పురుగు ముట్టేది కాదు. ఈ డబ్బాలోని నల్ల పోగుల పేరు లటాకియా. సిరియా రేవు పట్నం పేరు మీద వచ్చిన ఆకు. అక్కడ కూడా ఇంటి దూలాలకు కట్టిన ఆకు పొగపట్టగా ఈ రుచి బయటపడిందని చెప్పుకుంటారు. ఇప్పుడు బజారులో దొరికే లటాకియా ఎక్కువగా సైప్రస్ నుంచి వస్తుంది. ఆకును ముందు ఎండలో ఆరబెడతారు. తరవాత మూసిన కొట్టంలో వేలాడదీసి కింద పైన్, ఓక్ కట్టెలు, వాసన ఉన్న పొదల కొమ్మలు మంట లేకుండా కుములుతూ ఉండేలా చేస్తారు. ఆ పొగ ఆకులోకి దిగి దిగి, ఆకు నల్లగా మారేదాకా ఉంచుతారు.

ఇక్కడ నాకు బాగా ఆసక్తి కలిగించిన సంగతి ఒకటుంది. మన ప్రకాశం, నెల్లూరు, గోదావరి జిల్లాల్లో వర్జీనియా పొగాకును బ్యారన్లు అనే మూసిన కొట్టాల్లో కాలుస్తారు, అంటే వేడితో ఆరబెడతారు. బ్యారన్ లోపల ఇనప గొట్టాలు ఉంటాయి, వాటిలోంచి వేడి పోతుంది. పొగ మాత్రం ఆకుకు తగలకూడదు. తగిలితే ఆకు పాడైనట్టే, వేలంలో రేటు పడిపోతుంది. వేడిని కొంచెం కొంచెంగా పెంచుతూ పచ్చదనం పోయి పసుపు రంగు వచ్చాక ఆరబెడతారు. అలా కాలిస్తే ఆకులో చక్కెర నిలుస్తుంది. పైపులో ఆ తీపే నాలుక మీదికి వస్తుంది. లటాకియాకు పూర్తిగా ఎదురు పద్ధతి. పొగ ఎంత పడితే అంత విలువ. ఈ ఒక్క డబ్బాలో పొగ తగలకూడని ఆకూ ఉంది, పొగలో నానిన ఆకూ ఉంది. మూడోది ఓరియెంటల్. టర్కీ, గ్రీసు వైపు పండే చిన్న ఆకు, ఎండలో ఆరబెట్టినది, కొంచెం పుల్లగా ఉంటుంది. గుంటూరులో పొగాకు బోర్డు పెట్టింది 1976లో. ఆ బోర్డు చూసే పంటకు వర్జీనియా అనే పేరు. ఆ పేరు అమెరికాది, పంట మన నల్లరేగడిదీ ఇసుక నేలదీ. పొగాకు వ్యాపారంలో పేరును నమ్ముకుని ఊరిని ఊహించుకోలేం.

ఇలా లటాకియా కలిపిన మిశ్రమాలను పైపు తాగేవాళ్లు 'ఇంగ్లీష్ మిక్స్చర్' అంటారు. అందులో ఇంగ్లండ్‌లో పండిన ఆకు ఒక్కటీ ఉండదు. ఒకప్పుడు బ్రిటన్ చట్టాలు పొగాకులో ఎసెన్సులు కలపడాన్ని బాగా కట్టడి చేశాయి. దాంతో అక్కడి వ్యాపారులు రుచి కోసం రకరకాల దేశాల ఆకుల మీదే ఆధారపడ్డారు. ఆ కలపడంలో వాళ్లు చేసిన పని గొప్పదని నేను నమ్ముతున్నాను. వెనిల్లా పోయకుండా ఇన్ని రుచులు రప్పించడం మాటలు కాదు.

తాగడం సంగతి. డబ్బా తెరిచాక రెండు వేళ్లతో చిటికెడు తీసి నొక్కి చూశాను. ఉండ కట్టి అలాగే ఉండిపోయింది. తడి ఎక్కువ ఉందన్నమాట. తడి ఆకు ముట్టిస్తే నీరు ఆవిరై నాలుకను కాలుస్తుంది. పైపు తాగేవాళ్లు పడే బాధలో సగం దీని వల్లే. న్యూస్ పేపర్ మీద పల్చగా పరిచి, ఫ్యాన్ లేకుండా కాసేపు వదిలేశాను. వర్షాకాలంలో మా సముద్రపు గాలికి ఆకు ఎంతసేపటికీ ఆరదు, పుష్యమాసంలో త్వరగానే ఆరుతుంది. నొక్కి వదిలితే విడిపోయే దశలో ఆపాను. ఇంకా ఎండితే ఓరియెంటల్ వాసన పోతుంది.

పైపుగా మొక్కజొన్న కండెతో చేసినది వాడాను. అమెరికాలో మిస్సోరీ మీర్షామ్ అనే కంపెనీ 1869 నుంచి ఇవి చేస్తోంది. చవక, తేలిక, తడిని పీల్చుకుంటుంది. దానికి ఇంకో కారణం ఉంది, తరవాత చెబుతాను. బౌల్‌లో, అంటే ఆకు నింపే గిన్నెలో, మొదట వదులుగా రాల్చి, మీద కొంచెం నొక్కి, పైన ఇంకాస్త గట్టిగా దట్టించాను. పీల్చి చూస్తే గాలి కొద్దిపాటి అడ్డుతో రావాలి. అగ్గిపుల్ల గీసి పైభాగమంతా తిప్పుతూ ఒకసారి అంటించాను. పోగులు పైకి లేచి ముడుచుకున్నాయి. వాటిని మెల్లిగా అణిచి మళ్లీ ముట్టించాను. మొదటి మంట ఆకును సిద్ధం చేయడానికి, రెండోదే తాగడానికి.

మొదటి దమ్ములు నాకు నచ్చలేదు. నోరంతా పొగచూరిన రుచి. తెల్లారగట్ల, చలిలో, కొబ్బరి తోట మీద మంచు ఇంకా విడవని వేళ, తియ్యటి రుచి కోసం కూర్చున్న మనిషికి అది చాలా బరువుగా తోచింది. పక్కన అల్లం టీ ఉంది. అల్లం ఘాటూ లటాకియా ఘాటూ ఒకదాని మీద ఒకటి పడి రెండూ చెడ్డాయి. అల్లం టీతో ఈ పొగాకు పొసగదు. ఇది నేను గట్టిగా చెప్పగలను. పాలూ చక్కెరా ఎక్కువ వేసిన టీతో కూడా ఆకు రుచి అణిగిపోతుంది. పాలు లేని పల్చటి టీతో పెట్టుకున్నాక గాని ఓరియెంటల్ పులుపు నాకు తెలియలేదు.

మూడో వంతు కాలాక మార్పు మొదలైంది. ముందంతా కట్టె పొగ, తరవాత పులుపు, దాని కింద నుంచి వర్జీనియా తీపి. తీపి లేదనుకున్నది ఉంది, అడుగున ఉంది. ఎసెన్సు తీపి ముందే వచ్చి తరవాత పోతుంది. ఈ తీపి ఆలస్యంగా వచ్చి చివరిదాకా ఉంటుంది. నెమ్మదిగా తాగితేనే దొరుకుతుంది. గబగబా పీలిస్తే బౌల్ వేడెక్కి ఆకు చేదెక్కుతుంది. లటాకియా స్వభావం కూడా నెమ్మదిగా, చల్లగా కాలడమే. అందుకని తొందర లేనివాళ్లకు ఇది బాగా కలిసొస్తుంది. రిటైరైన సైన్సు మాస్టారికి పొద్దున్నే తొందరేముంది.

ఇంకొక విషయం ఆ తరవాతి రోజుల్లో గమనించాను. ఖాళీ కడుపుతో తాగినా తల తిరగలేదు. కడుపులో తిప్పడం, చెమట పట్టడం ఏవీ లేవు. వాసన అంత ఘాటుగా ఉన్న పొగాకు లోపల అంత మెత్తగా ఉండడం నాకు ఆశ్చర్యం కలిగించింది. కారణం ఉంది. లటాకియాలో నికోటిన్ తక్కువ. ముక్కుకు తగిలే ఘాటు పొగది, ఆకుది కాదు. మన సంతల్లో దొరికే నాటు పొగాకుతో చుట్టిన చుట్ట దీనికి సరిగ్గా ఉల్టా. వాసన మామూలు, లోపలికి దిగితే అలవాటు లేనివాణ్ని పడేస్తుంది. అప్పుడు డబ్బా మీది పేరు వేరేగా వినిపించింది. పేరు పెట్టినవాళ్లు రుచి గురించి మాట్లాడలేదు. ఒంటికి ఏ వేళ ఎంత బరువు ఆనుతుందో దాని గురించి మాట్లాడారు. నైట్‌క్యాప్‌లో పెరీక్ అనే లూసియానా ఆకు కూడా పడుతుంది, పీపాల్లో బరువు కింద మాగబెట్టినది, నికోటిన్ కూడా గట్టిది. అందుకే అది పడుకోబోయే ముందు తాగేది. రుచి చూసుకుంటే రెండూ ఒకే కుటుంబం. నేను పేరులో వెతికింది తీపి, పేరు చెప్పింది బలం.

అయినా నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. మొదటిసారి పైపు పట్టినవాళ్లకు ఈ పేరు దారి చూపదు. కొనేవాడికి కావలసింది ఏ ఆకు ఎంత, ఎలా కాల్చినది, ఎసెన్సు ఉందా లేదా అన్నవే. అవి డబ్బా మీద చిన్న అక్షరాల్లో అయినా ఉండాలి. చాలావాటి మీద ఉండవు. కేవెండిష్ అని రాసి ఉంటే అది ఆకు రకం అనుకునేవాళ్లు ఎంతమందో. నిజానికి అది ఏదో ఒక ఆకును ఆవిరి పెట్టి, నొక్కి, మాగబెట్టే పద్ధతి. ఇలాంటివి షాపు గుమస్తాను అడిగితే ఎక్కువసార్లు మౌనమే జవాబు.

పొగాకు గురించి ఇంత ఇష్టంగా రాస్తూ దాని చెడు చెప్పకపోతే మా ప్రాంతానికి అన్యాయం చేసినట్టే. మా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఆడవాళ్లు అడ్డపొగ తాగడం మా చిన్నప్పుడు ఇంటింటా చూసిన సంగతి. చుట్ట వెలిగించి నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుంటారు. గాలికి ఆరదు, ఎక్కువసేపు వస్తుంది, చేతులు ఖాళీగా ఉండి పని చేసుకోవచ్చు. చేపల గంప దింపకుండా తాగేవాళ్లను బారువ ఒడ్డున చూశాను. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో అడ్డపొగ మీద 1971లో వచ్చిన ఒక అధ్యయనం 10,169 మంది గ్రామస్తుల అంగిళ్లను పరీక్షించి, అక్కడ తెల్లబడడం, పుండ్లు, క్యాన్సర్ ఎలా వస్తున్నాయో నమోదు చేసింది. మా పెద్దమ్మ కూడా అలాగే తాగేది. అంగిలి తెల్లబడితే విశాఖలో డాక్టరు చూసి, ఇంకా తాగితే నీ ఇష్టం అన్నాడట. ఆ రోజు నుంచి చుట్ట ముట్టలేదు. ఆ పట్టుదల నాకు లేదు. పైపు పొగను ఊపిరితిత్తుల్లోకి పీల్చరు, నోట్లోనే తిప్పి వదిలేస్తారు. అంతమాత్రాన అది క్షేమం కాదు. నోటికి, గొంతుకు ఉండే ముప్పు ఉండనే ఉంది. అందుకని వారానికోసారి, అదీ బయట అరుగు మీదే అని నాకు నేను పెట్టుకున్న హద్దు ఉంది. అలవాటు లేనివాళ్లు ఇది చదివి మొదలుపెట్టాలని నేను కోరుకోవడం లేదు. అంగిలి అద్దంలో చూసుకోవడం, ఏటా దంతవైద్యుడికి చూపించడం నేను మానను.

కండె పైపు ఎందుకో చెబుతానన్నాను. లటాకియా వాసన ఒకసారి పైపు చెక్కకు పడితే పోదు. బ్రయర్ అనే పొద వేరుతో చేసిన మంచి పైపులో ఇది తాగి, తరవాత అదే పైపులో వర్జీనియా వేస్తే వర్జీనియా కూడా పొగచూరినట్టే ఉంటుంది. అందుకని దీనికి ఒక పైపు విడిగా పెట్టుకోవడం మంచిది. కండె పైపు తక్కువ ధరకు వస్తుంది కాబట్టి దిగులు లేదు. తాగాక పైప్ క్లీనర్ దూర్చి తేమ తీసి, అడుగున మిగిలిన సగం కాలిన ఆకు దులిపి, ఒకటి రెండు రోజులు ఆరనివ్వాలి. ఈ పొగాకు అడుగున పెద్దగా తడి మిగలదు. ఎసెన్సు కలిపినవాటితో అడుగంతా బంక తేలేది.

రెండో డబ్బా ఇంకా తెరవలేదు. మూత బిగువుగా ఉన్న డబ్బా ఏళ్ల తరబడి ఉంటుంది. వర్జీనియా కాలంతో మెత్తబడుతుంది, లటాకియా పదును మాత్రం మెల్లగా తగ్గుతుంది. తెరిచినదాన్ని గాజు సీసాలోకి మార్చి గట్టి మూత పెట్టాను. వర్షాకాలానికి దాన్ని మిగల్చాలని ఉంది. వాన పడి ఆగిన సాయంత్రం ఇది పొద్దుటి కన్నా బాగుంటుందని నా అంచనా, చలికాలంలో తాగిన సాయంత్రాలను బట్టి.

మొన్న మా తమ్ముడు మళ్లీ ఫోన్ చేశాడు.

"అన్నియ్యా, ఈసారి ఏ పేరుదీ తెమ్మంటావు?"

"పేరొద్దురా. వర్జీనియా, ఓరియెంటల్ ఉన్నది అడుగు. లటాకియా కొంచెమే ఉండాలి. ఎసెన్సు వద్దు. షాపులో చదివి వినిపించమను, డబ్బా ఫోటో పంపు."

"అలాగే. మరి పేరు బాగోకపోతే?"

"పరవాలేదు, తెచ్చేయ్."